పాత ఫిషింగ్ బోటు కాక్‌పిట్‌లో ఏ డెక్ వేయించాలి

పాత స్పోర్ట్‌ఫిషింగ్ బోటు కొన్నవాళ్లు చాలామంది ముందు రంగు ఎంచుకుంటారు. ఆ తర్వాత టేకా, ఫోమా, పెయింటా అని అడుగుతారు. నేను బోటు మీద పనులు చేసే డెక్‌హ్యాండ్‌గా మొదలుపెట్టి, తర్వాత పాత బోట్ల మరమ్మతులోకి వచ్చినదాన్ని. నన్నడిగితే కాక్‌పిట్ (బోటు వెనక, చేపలు పట్టే చోటు) నేల మీద ఏం వేసినా, దాన్ని రేపు ఎంత తేలిగ్గా విప్పగలం అన్నది ముందు చూడాలి. ఆ నేల కింద ఉన్న సామానంతా బోటంత పాతదే కాబట్టి ఏదో ఒక రోజు దాన్ని తెరవక తప్పదు.

కింద ఏముంటాయి? చుక్కాని ఇరుసులు, బోటు అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపులు, గొట్టాలు, చాలా బోట్లలో ఇంధనం ట్యాంకు కూడా. అల్యూమినియం ట్యాంకును ఆనుకుని తడి పట్టిన ఫోమ్ ఉంటే ఆ చోట లోహం తినేసి చిల్లులు పడతాయి. అలాంటి ట్యాంకును బయటికి తీయాలంటే కొన్ని బోట్లలో నేలనే కోయాలి. అందుకే ట్యాంకు పని ఏమైనా ఉంటే ముందు అది పూర్తి చేయండి. కొత్త డెక్ వేసిన మరుసటి ఏడాది దాన్ని కోయించాల్సి వస్తే ఆ బాధ చెప్పలేం.

తర్వాత నేలను పరీక్షించండి. పాత బోట్ల నేల చాలావరకు శాండ్‌విచ్ లాంటిది: పైన ఫైబర్‌గ్లాస్, మధ్యలో ప్లైవుడ్ లేదా బాల్సా అనే తేలికపాటి చెక్క, కింద మళ్లీ ఫైబర్‌గ్లాస్. స్క్రూ డ్రైవర్ పిడితో జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట శబ్దం స్ఫుటంగా వస్తుంది. లోపల కుళ్లినచోట మొద్దుగా, చచ్చినట్టు వినిపిస్తుంది. నేలలోని మూతల అంచులు, ఫైటింగ్ చైర్ (పెద్ద చేపను లాగేటప్పుడు కూర్చునే కుర్చీ) స్తంభం చుట్టూ, గాలం కర్రలు నిలిపే రాడ్ హోల్డర్ల కింద, ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) తలుపు దగ్గర తప్పకుండా చూడండి, నీళ్లు దిగేది అక్కడే. తేమ మీటరు ఉంటే మంచిదే గానీ, కింద లోహపు ట్యాంకు ఉన్నచోట అది తప్పు అంకె చూపిస్తుంది. అనుమానం తీరకపోతే కింది వైపు నుంచి చిన్న రంధ్రం వేసి పొట్టు చూడండి. పొడిగా, లేత రంగులో రావాలి. నల్లగా, తడిగా వస్తే డెక్ ఎంపిక పక్కన పెట్టి ముందు ఆ భాగం కోసి, కొత్త చెక్క, ఫైబర్‌గ్లాస్ వేయించాలి. కుళ్లిన నేల మీద ఏది కప్పినా లోపలి తడికి బయటికి పోయే దారి ఉండదు.

నేల గట్టిదని తేలాక ఏం వేయాలో చూద్దాం.

టేకంటే నాకు మనసు. తడిచినప్పుడు కూడా కాలికి పట్టు ఇస్తుంది, ఎండలో ప్లాస్టిక్ కంటే చల్లగా ఉంటుంది. కానీ పాత పద్ధతిలో ఒక్కో పలకను స్క్రూలతో బిగించేవాళ్లు. ప్రతి స్క్రూ నేల మధ్యలోని చెక్కలోకి వేసిన ఒక రంధ్రం. పలకల మధ్య నల్లటి సీలెంట్ ఊడటం మొదలైతే నీళ్లు ఆ రంధ్రాల గుండా దిగిపోతాయి. మీ బోటుకు ఇప్పటికే అలాంటి టేకు ఉంటే, స్క్రూల మీది చెక్క బిరడాలు లేచిపోతున్నాయేమో చూడండి. లేస్తున్నాయంటే పలక పలచబడిపోయిందని అర్థం, ఇంక సాండింగ్‌తో కాలం గడపకండి. టేకు తీసేశాక మిగిలే రంధ్రాలు వందల్లో ఉంటాయి. ఒక్కోదాన్ని వెడల్పు చేసి, ఆరబెట్టి, చిక్కటి ఎపాక్సీతో పూడ్చాలి. విసుగు పుట్టించే పనే, కానీ ఒక్కటి వదిలినా నీళ్లకు అది చాలు.

కొత్తగా టేకు వేయిస్తే స్క్రూలు లేకుండా అంటించమనే చెప్పండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి అంటించే ముందు అసిటోన్‌తో తుడవాలి. బరువు కూడా లెక్కేసుకోండి: 12 మిల్లీమీటర్ల టేకు చదరపు మీటరుకు దాదాపు 8 కిలోలు. 10 చదరపు మీటర్ల కాక్‌పిట్ అంటే 80 కిలోలు, అదీ బోటు వెనక భాగంలో. ఇక చేప రక్తం, డీజిల్ పడితే మరక చెక్కలోకి దిగుతుంది. కడిగేటప్పుడు మెత్తటి బ్రష్‌తో, చెక్క పోగుకు అడ్డంగా, ఉప్పునీళ్లతో కడగాలి. ప్రెషర్ వాషర్ పెడితే మెత్తటి పోగు కొట్టుకుపోయి గాడులు పడతాయి. ఇంత ఓపిక ఉంటేనే టేకు. లేదంటే నేలకు వద్దు, కాక్‌పిట్ గోడల పైగట్టు మీద పలకలకు మాత్రం వేయించుకుని ఆ అందాన్ని అక్కడ చూసుకోండి.

ఈవీఏ అనే మెత్తటి ప్లాస్టిక్ ఫోమ్ షీట్ల గురించి ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. సీడెక్ లాంటివి వెనక జిగురుతోనే వస్తాయి, ఒలిచి అంటించడమే. దాదాపు 6 మిల్లీమీటర్ల మందం, బరువు లెక్కలోకి రానంత తక్కువ. రోజంతా నిలబడిన మోకాళ్లకు, నడుముకు ఇచ్చే సుఖం మాత్రం దేనికీ రాదు. చేప దగ్గర మోకరించి గాలం ముల్లు తీసినవాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది. మరి లోపాలు? ముల్లు గుచ్చుకుంటే చీరుతుంది. సీసం గుండు పడితే సొట్ట పడుతుంది, బరువైన ఐస్ పెట్టె ఒకేచోట ఉంచితే అచ్చు మిగులుతుంది. ముదురు రంగు మధ్యాహ్నం ఎండలో పాదం మోపనివ్వదు. ఫైటింగ్ చైర్ పునాది కింద ఎప్పుడూ వేయకండి. అది నలిగితే బోల్టులు వదులవుతాయి. పునాది చుట్టూ కత్తిరించి వేయండి. కొన్నేళ్లకు మార్చుకోవాల్సిందే అనుకుని వేస్తే ఫోమ్‌తో గొడవ లేదు: హీట్ గన్, ప్లాస్టిక్ గీకుడు బిళ్లతో ఓపిగ్గా తీస్తే వస్తుంది.

పీవీసీతో చేసిన నకిలీ టేకు చూడ్డానికి బాగుంటుంది, మరకలు సాండ్‌పేపర్‌తో పోతాయి. కానీ ఎండలో బాగా కాలుతుంది, పైగా మొత్తం జిగురుతో అంటిస్తారు కాబట్టి తీయడం కష్టం. దాని మీద నల్ల రబ్బరు మ్యాట్ వేసి ఉంచితే పోని మరక పడుతుంది. మార్లిన్, టూనా వేటకు వాడే పాత బోటు నేలకు నేను దీన్ని సూచించను. కార్పెట్ అసలు వద్దు, రక్తం, ఎర వాసన అందులోంచి పోదు.

నా ఓటు జారని పెయింటుకే. ఎపాక్సీ ప్రైమర్ మీద, గరుకు పొడి కలిపిన పెయింటు. లేదా కివీగ్రిప్ లాంటి చిక్కటి పెయింటును గరుకు రోలర్‌తో వేయొచ్చు. బరువు దాదాపు లేదు, రంధ్రం ఒక్కటీ లేదు. రేపు ట్యాంకు కోసం నేల కోసినా ఆ భాగానికే మళ్లీ పెయింటు వేస్తే సరి. గరుకు ఎంత ఉండాలన్నదే అసలు విషయం. ఇసుక పొడి వేస్తే మోకాలి చర్మం లేచిపోతుంది, మరీ సన్నపొడి వేస్తే చేప జిగట మీద కాలు నిలవదు. ప్లాస్టిక్ పూసల పొడి మధ్యస్థంగా ఉంటుంది. ముందు ఒక పాత పలక మీద వేసి, ఆరాక చేప జిగట పూసి, చెప్పుల్లేని కాలితో నిలబడి చూడండి. లీడర్ (గాలం ముల్లు దగ్గరి బలమైన తీగ) చేతికి చుట్టుకుని పెద్ద చేపను లాగుతున్న మనిషికి ఆ క్షణంలో కాలు జారకూడదు. నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే. ఇక మూతల చుట్టూ, గోడల వెంట రెండు మూడు సెంటీమీటర్లు నున్నగా వదిలేయండి, నీళ్లు ఆ దారినే స్కప్పర్లకు (నీళ్లు బయటికి పోయే కన్నాలకు) చేరతాయి.

సుఖం కూడా కావాలంటే ఈ పెయింటు మీద, మనుషులు ఎక్కువసేపు నిలబడే మూలల్లో తీసి కడుక్కునే ఫోమ్ మ్యాట్లు వేసుకోండి. అవి జారకుండా నేలను గట్టిగా పట్టుకునే రకమే కొనండి.

ఏది ఎంచుకున్నా డబ్బు ఇచ్చే ముందు నమూనా ముక్క అడగండి. మధ్యాహ్నం ఎండలో గంటసేపు ఉంచి పాదం ఆనించండి. డీజిల్ చుక్క, సన్‌స్క్రీన్, రక్తం వేసి ఒక రాత్రి ఉంచి కడిగి చూడండి. మందాన్ని కూడా మర్చిపోకండి: మూత అంచు నేలకు సమంగా ఉంటుందా, ట్రాన్సమ్ తలుపు రాసుకోకుండా తెరుచుకుంటుందా, స్కప్పర్ల నోరు మూసుకుపోతుందా? 10 చదరపు మీటర్ల కాక్‌పిట్‌లో 10 సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే టన్ను బరువు. ఆ నీళ్లు వెంటనే పోవాలి.

పెయింటుకైనా ఫోమ్‌కైనా నేల సిద్ధం చేసే వరస మార్చకండి. ముందు సాల్వెంట్‌తో మైనం తుడవాలి, ఆ తర్వాతే సాండింగ్. తిరగేసి చేస్తే మైనం గీతల్లోకి దిగి ఏదీ అంటుకోదు. నీళ్లు చల్లి చూడండి, చుక్కలుగా విడిపోతే మైనం ఇంకా ఉంది, పొరలా పరుచుకుంటే పోయింది. ఫోమ్ కింద నేల మీది పాత, వజ్రాల ఆకారపు గరుకు అచ్చు బాగా ఎత్తుగా ఉంటే పూడ్చి నున్నగా చేయాలి. మూత మీది ముక్క, నేల మీది ముక్క వేర్వేరుగా కోయించండి, అతుకు మూత అంచు మీదే పడాలి. కోతకు వాడిన ప్లాస్టిక్ నమూనా పారేయకుండా చుట్టి దాచండి. మూతల మీదివి ముందు అరిగిపోతాయి, అప్పుడు ఆ ముక్క ఒక్కటే చేయించుకోవచ్చు.