పిల్లలతో హ్యాలోవీన్ గుమ్మడికాయలకు రంగులు వేయడం ఎలా?

అక్టోబర్ వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో కూరగాయల షాపుల ముందు గుమ్మడికాయలు గుట్టలు పోసి ఉంటాయి. 31న హ్యాలోవీన్, పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్లి చాక్లెట్లు అడిగే పండగ. కాయ కోసి, గుజ్జు తీసి, కళ్లూ పళ్లూ చెక్కి లోపల దీపం పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. ఐర్లాండ్‌లో టర్నిప్ దుంపలు చెక్కేవాళ్లు అమెరికాకు వలస వచ్చాక గుమ్మడికాయ పట్టుకున్నారు. చూడ్డానికి బాగుంటుంది కానీ అది కత్తి పని. చెక్కేది పెద్దవాళ్లు, పక్కన కూర్చుని చూసేది పిల్లలు. కోసిన కాయ వారం తిరక్కుండానే బూజు పడుతుంది కూడా. అదే రంగు వేసిన కాయకు కోత ఉండదు, చల్లటి చోట నెల దాకా నిలుస్తుంది. పని మొత్తం పిల్లల చేతుల మీదే జరుగుతుంది. అందుకే మా ఇంట్లో రంగులే.

కాయ ఎంచుకోవడం

నున్నగా, అడుగు చదునుగా ఉన్నది తీసుకోండి. షాపులోనే కింద పెట్టి చూడండి, దొర్లకూడదు. వేలితో నొక్కితే ఎక్కడా మెత్తగా తగలకూడదు. తొడిమ పట్టుకుని ఎత్తొద్దని పిల్లలకు ముందే చెప్పండి. అది ఊడిందంటే కుళ్లు అక్కడినుంచే మొదలవుతుంది. మూడు నాలుగేళ్ల పిల్లలకు రెండు పిడికిళ్లంత కాయ చాలు.

కడిగి ఆరబెట్టడం

అందరూ వదిలేసే పని ఇదే, రంగు నిలిచేదీ దీనివల్లే. గుమ్మడికాయ తొక్క మీద మైనం లాంటి జిడ్డు పొర ఉంటుంది. సబ్బు నీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, ఒక రాత్రి ఆరనివ్వండి. తొడిమ చుట్టూ ఉన్న గుంటలో తడి నిలుస్తుంది, అక్కడ మరోసారి అద్దండి.

రంగులు

యాక్రిలిక్ రంగులే కొనండి. మొదటి ఏడాది నేను నీళ్లతో పోయే పిల్లల రంగులు తెచ్చాను, బట్టలు పాడవకూడదని. మా పాప ఎంతో శ్రద్ధగా పిల్లి ముఖం వేసింది. ఆ రాత్రి వాన జల్లు పడింది. పొద్దున లేచేసరికి పిల్లి మీసాలు కారి మెట్ల మీద నల్ల మరక అయ్యాయి. పాప ఏడుపు ఆపడానికి చాలాసేపు పట్టింది. యాక్రిలిక్ ఆరాక కదలదు, బట్టల మీద నుంచీ పోదు. కాబట్టి పిల్లలకు పాత టీషర్టులు వేసి, బల్ల మీద న్యూస్‌పేపర్లు పరచండి.

వేయడం

పాత తువ్వాలు మెలితిప్పి చుట్టకుదురులా చేసి కాయను దాని మీద కూర్చోబెట్టండి, ఇక కదలదు. ముందు తెల్ల రంగు ఒక పూత వేస్తే పై రంగులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అరగంట ఆరాక రెండో రంగు మొదలుపెట్టొచ్చు. ఆ అరగంటే పిల్లలకు కష్టం, తినడానికి ఏదైనా ఆ టైముకి పెట్టండి.

చిన్నవాళ్లకు బ్రష్ కంటే బెండకాయ నయం. తొడిమ వైపు అడ్డంగా కోసి ఇవ్వండి. దాన్ని రంగులో ముంచి కాయ మీద అద్దితే ఐదు రేకుల పువ్వు పడుతుంది. మొదటి పువ్వు పడగానే వాళ్ల కళ్లు చూడాలి! ఒక్కటే గుర్తుంచుకోండి: రంగు ఎక్కువైతే అచ్చు అలుక్కుపోతుంది, ముందు కాగితం మీద ఒకసారి అద్దించండి. పెద్ద పిల్లలు సుద్దముక్కతో బొమ్మ గీసుకుని తర్వాత రంగు వేస్తారు. వాళ్లు వేసిన కన్ను వంకరగా ఉన్నా మీరు దిద్దకండి.

మా అత్తయ్యగారు మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మంలో కాయను చూసి "దిష్టికి పెట్టారా?" అని అడిగారు. నిజమే, మన వైపు కొత్త ఇంటికి బూడిద గుమ్మడికాయ మీద కోరలూ మీసాలూ వేసి కడతారు కదా. అప్పటినుంచీ ఏటా ఒక కాయ మీద ఆ ముఖమే వేస్తున్నాం, మీసాలు ఆవిడే దిద్దుతారు.

ఒక కాయకు మాత్రం పూర్తిగా టీల్ రంగు వేయండి, అంటే నీలాకుపచ్చ. గుమ్మం ముందు ఆ కాయ ఉంటే, ఆ ఇంట్లో చాక్లెట్లతో పాటు స్టిక్కర్లో, చిన్న బొమ్మలో కూడా ఇస్తారని గుర్తు. వేరుశనగ, పాలు లాంటివి పడని పిల్లల కోసం టెన్నెసీలో పుట్టిన ఆలోచన ఇది. 2014 నుంచి ఫేర్ అనే ఫుడ్ ఎలర్జీ సంస్థ దేశమంతా ప్రచారం చేస్తోంది.

ఆ తర్వాత

ఎండా వానా తగలని చోట, కింద అట్టముక్క వేసి పెట్టండి. రెండు రోజులకోసారి అడుగు నొక్కి చూసి, మెత్తబడితే తీసేయండి. రంగు వేసిన కాయను ఎరువులో కలపొద్దు, ఉడతలకూ వేయొద్దు, వండనే వండొద్దు. దప్పళానికి రంగు తగలని చిన్న తీపి గుమ్మడికాయ ఇంకోటి అదే రోజు కొనుక్కోండి. చెక్కడానికి అమ్మే పెద్దకాయల్లో నీరూ పీచూ ఎక్కువ, రుచి రాదు.