పాత గేమ్, కొత్త కంప్యూటర్ - మూడో పాఠం: తెర మీద బొమ్మ సరిగ్గా రాకపోతే

కిందటి పాఠంలో గేమ్ ఇన్‌స్టాల్ చేసుకున్నాం. ఇప్పుడు దాన్ని నడిపిద్దాం.

హన్మకొండలో గానీ కరీంనగర్‌లో గానీ రిపేర్ షాపుకెళ్లి "అన్నా, గేమ్ ఓపెన్ అయితలేదు" అంటే, చాలాసార్లు విండోస్ మళ్లీ వేయమంటారు. తొందరపడకండి. ఇంట్లో ఫొటోలు, కాలేజీ ప్రాజెక్టు ఫైళ్లు పోగొట్టుకునేంత పెద్ద సమస్య కాదిది. ముందు తెర మీద ఏం కనబడుతోందో నిదానంగా చూడండి.

మనుషులు పొట్టిగా, లావుగా కనబడుతున్నారా? ఆ గేమ్ 4:3 తెర కోసం చేసింది (వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు), మీ తెర అంతకన్నా వెడల్పైన 16:9. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లలో తరచూ కనబడే 1366×768 తెరనే తీసుకోండి. గేమ్‌లో 1024×768 పెట్టి, గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో స్కేలింగ్‌ను 'మెయింటైన్ యాస్పెక్ట్ రేషియో'కి మార్చండి. రెండు పక్కలా 171 పిక్సెళ్ల చొప్పున నల్ల పట్టీ మిగులుతుంది, బొమ్మ మాత్రం అసలు ఆకారంలో వస్తుంది. సాగదీసిన బొమ్మ కన్నా ఆ పట్టీలే నయమని నా అభిప్రాయం.

బొమ్మ సగం తెర బయటికి పోయి, మౌస్ ఒకచోట నొక్కితే ఇంకోచోట పడుతుంటే, అది విండోస్ అక్షరాలను 125 శాతమో 150 శాతమో పెంచి చూపడం వల్ల వచ్చే తేడా. గేమ్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, 'చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్' తెరవండి. అడుగున ఉన్న ఓవర్‌రైడ్‌కి టిక్ పెట్టి, 'అప్లికేషన్' ఎంచుకోండి.

పాటలు వినబడుతూ తెర నల్లగా ఉంటే గేమ్ నడుస్తున్నట్టే, ఫుల్‌స్క్రీనే కుదరలేదు. ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే చాలా గేమ్‌లు చిన్న కిటికీలోకి వస్తాయి. రాకపోతే అదే కంపాటిబిలిటీ పేజీలో 'డిజేబుల్ ఫుల్‌స్క్రీన్ ఆప్టిమైజేషన్స్'కి టిక్ పెట్టి చూడండి. 256 రంగుల కాలం నాటి గేమ్‌లో గడ్డి ఊదాగా, నీళ్లు ఎర్రగా కనబడితే, అక్కడే ఉన్న 'రెడ్యూస్డ్ కలర్ మోడ్'లో 8-బిట్ ఎంచుకోండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది 'డీ3డీఎక్స్9_43.డీఎల్ఎల్ దొరకలేదు' అన్న సందేశం దగ్గర. ఆ ఫైలు డైరెక్ట్ఎక్స్‌కి, అంటే గేమ్‌లు తెర మీద బొమ్మలు గీయడానికి వాడుకునే విండోస్ భాగానికి చెందింది. "నా కంప్యూటర్‌లో డైరెక్ట్ఎక్స్ 12 ఉంది కదా, 9 ఎందుకు?" అని అడుగుతారు. విండోస్ 10తో డైరెక్ట్ఎక్స్ 12 వచ్చింది నిజమే, కానీ తొమ్మిదో వెర్షన్ గేమ్‌లు వాడుకునే ఈ సహాయక ఫైళ్లు అందులో ఉండవు. ఒక్క ఫైలే ఉచితంగా ఇస్తామనే సైట్ల జోలికి పోవద్దు, వాటితో వైరస్ వచ్చే ప్రమాదం ఉంది. మైక్రోసాఫ్ట్ 2010 జూన్‌లో విడుదల చేసిన డైరెక్ట్ఎక్స్ రన్‌టైమ్ ప్యాకేజీని వాళ్ల సైట్ నుంచే దించుకోండి. అది 12ను చెరపదు, దాని పక్కనే ఉంటుంది.

ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చి, గేమ్ తెరిచి చూసి, ఫలితం నోట్‌బుక్‌లో రాయండి. ఫలితం లేకపోతే టిక్ తీసేశాకే తర్వాతిది. నాలుగు టిక్కులు ఒకేసారి పెడితే, గేమ్ నడిచినా ఏది పనిచేసిందో తెలియదు. పక్కింటి తమ్ముడు అడిగితే చెప్పలేరు కూడా.

అభ్యాసం: మీ దగ్గరున్న ఒక పాత గేమ్ తెరవండి. తెర మీది లక్షణం, మార్చిన సెట్టింగ్, వచ్చిన ఫలితం మూడు గడుల్లో రాయండి. వచ్చే పాఠంలో 64-బిట్ విండోస్‌లో అసలు తెరుచుకోని మరీ పాత 16-బిట్ గేమ్‌లను డాస్‌బాక్స్ (పాత డాస్ కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రామ్) సాయంతో నడిపిద్దాం.