సమర్పించుకున్న తరువాత కూడా భయం వదలకపోతే

లక్షణం

ఆదివారం ఆరాధనలో ఏ లోటూ ఉండదు. కూటాల్లో జీవితాన్ని దేవునికి సమర్పించుకొమ్మని పిలుపు ఇచ్చినప్పుడల్లా చెయ్యి పైకి లేస్తుంది, ఆ కన్నీళ్లు కూడా నిజమైనవే. అయితే బాప్తిస్మం తీసుకోవడం, ఆఫీసులో పై డబ్బుల పంపకంనుంచి తప్పుకోవడం, కొడుకు పెళ్లిలో కట్నం వద్దనడం వంటి ఏదో ఒక నిర్దిష్టమైన అడుగు దగ్గరకు వచ్చేసరికి గుండె జారిపోతుంది, ఆ అడుగు మరుసటి ఉపవాస కూటం దాకా వాయిదా పడుతుంది. ప్రార్థించినప్పుడు తగ్గిన భయం సోమవారానికి తిరిగి వచ్చి కూర్చుంటుంది. సంఘ పెద్దగా ఇరవై ఏళ్లకు పైగా ఇళ్లకు వెళ్లి మాట్లాడుతున్న నాకు అన్నిటికన్నా ఎక్కువసార్లు ఎదురైన ఇబ్బంది ఇదే. ప్రార్థన, వాక్యపఠనం, సహవాసం మామూలుగా సాగుతున్నవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అవే కుంటుపడి ఉంటే ముందు వాటి సంగతి చూసుకోవాలి.

మొదట అడగవలసిన ప్రశ్న

భయంగా ఉందని ఎవరైనా చెప్పగానే మనవాళ్లు చేసే పని ఒక్కటే. దేవుడు మనకు పిరికితనంగల ఆత్మను ఇవ్వలేదని పౌలు తిమోతికి రాసిన మాట చదివి వినిపించి, మూడు రోజులు ఉపవాసం ఉండమని చెప్పి పంపిస్తారు. ఆ వచనంలోగాని ఉపవాసంలోగాని దోషం లేదు, కానీ రోగి ఎక్కడ నొప్పి అంటున్నాడో అడగకుండానే మందు రాసిన వైద్యుడి పని అది. "ఈ అడుగు వేస్తే మీకు పోయేది ఏమిటి?" అన్న ప్రశ్నను ముందు అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. లోకం, శోధన, సాతాను అన్న జవాబులను నేను ఒప్పుకోను. పెద్దమ్మాయి సంబంధం, మామగారు రాసిస్తానన్న రెండెకరాలు, రావలసిన ప్రమోషను, అపార్ట్‌మెంటులో పదిమంది ఇచ్చే మర్యాద, ఇలా వేలు పెట్టి చూపించగలిగినదే జవాబు.

యోహాను సువార్త పన్నెండవ అధ్యాయం చివర ఈ పరీక్ష రెండు వచనాల్లో పూర్తవుతుంది. అధికారులలో అనేకులు యేసును నమ్మినా, సమాజంలోనుంచి వెలివేస్తారని పరిసయ్యులకు భయపడి ఒప్పుకోలేదని 42వ వచనం లక్షణాన్ని చెబుతుంది. వారికి దేవుని మెప్పుకంటె మనుషుల మెప్పే ఎక్కువ ఇష్టమని 43వ వచనం కారణాన్ని చెబుతుంది. మనం మాత్రం 42 దగ్గరే ఆగి, ధైర్యం కోసం ప్రార్థన మొదలుపెడతాం.

తెలుగు నేల మీద ఇలాంటి పరీక్ష చాలా పెద్ద ఎత్తున జరిగింది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని వేలాదిమందికి కూలి దొరికేలా చేశారు, కానీ ఆ సాయం నడుస్తున్న కాలంలో బాప్తిస్మం అడిగినవారికి ఇవ్వకుండా ఆపారు. కూలి ఆశతో వచ్చినవారెవరో, క్రీస్తు కోసం వచ్చినవారెవరో తేలడానికి ఆయనకు వేరే దారి కనిపించలేదు. సాయం అయిపోయిందని తెలిసిన తరువాత కూడా జనం కదలలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆశను పరీక్షించడానికి క్లౌ దొర వాడిన ఆ పద్ధతే భయానికీ సరిపోతుంది: మనిషిని పట్టి ఉంచిన వస్తువును పక్కకు తీసి చూడాలి.

నన్ను మోసం చేసిన కారణం

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పై ప్రశ్నకు చాలామంది, "ఏమీ లేదండీ, ప్రభువు చిత్తం కోసం కనిపెట్టుకుంటున్నాను" అని జవాబిస్తారు. ఆ మాట ఎంత భక్తిగా వినిపిస్తుందంటే, పెద్దలమైన మనం దాన్ని దాటి ఒక్క ప్రశ్న కూడా వేయము. కనిపెట్టుకోవడం, అంటే దేవుని జవాబు కోసం ఎదురుచూడడం, బైబిలులో గొప్ప మాట కాబట్టే దాని కింద దాక్కోవడం సులువు. నిర్ణయం ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది, ఆ నిర్ణయానికి దేవుని సంతకం ఒక్కటే రావలసి ఉంటుంది. అందుకే ఆ మనిషి ఎన్ని రోజులు ప్రార్థించినా భయం పోదు. తాను కోరనిది ఎక్కడ వినవలసి వస్తుందోనన్నదే ఆ భయం.

యిర్మీయా గ్రంథం 41 నుంచి 43 వరకు అధ్యాయాలను ఈ దృష్టితో చదవండి. బబులోను రాజు యూదా దేశం మీద అధిపతిగా ఉంచిన గెదల్యా హత్య తరువాత, సేనాధిపతి యోహానాను, అతనితో మిగిలినవారు బబులోనువారికి భయపడి ప్రవక్త దగ్గరకు వచ్చి, దేవుడు చెప్పేది మేలైనా కీడైనా వింటామని ప్రమాణం చేశారు. పది రోజుల తరువాత దేశంలోనే ఉండిపొండని జవాబు వచ్చింది. వెంటనే వారు యిర్మీయాను అబద్ధికుడన్నారు, ఐగుప్తుకు నడిచారు. వారి ప్రమాణం 42వ అధ్యాయంలో ఉంది కాని, ఐగుప్తుకు పోవాలని బయలుదేరి బేత్లెహేము దగ్గర దిగిన సంగతి 41లోనే ఉంది. అంటే మూటలు కట్టుకున్న తరువాత వచ్చి చిత్తం అడిగారు. ఎన్నో ఏళ్లు ఈ భాగాన్ని బోధించిన నేను ఆ వరుసను గమనించలేదు.

గమనించకపోవడం వల్ల ఒక యువకుడి విషయంలో నేను చేసిన తప్పు చెబుతాను. అతడు రెండున్నర ఏళ్లు బాప్తిస్మాన్ని వాయిదా వేశాడు, అడిగినప్పుడల్లా కనిపెట్టుకుంటున్నానని అన్నాడు, నేను అతన్ని మెచ్చుకుని వాక్యాలు ఇచ్చి, చేతులుంచి ప్రార్థించి పంపుతూ వచ్చాను. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలోని ఒక మామ్మ చెప్పులు వెతుక్కుంటూ, "బాప్తిస్మం తీసుకుంటే నీకేం పోతుంది నాయనా?" అని మామూలుగా అడిగింది. "చెల్లెలి సంబంధం పోతుంది మామ్మా" అని అతడు క్షణం ఆలోచించకుండా అన్నాడు. పక్కనే ఉన్న నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండున్నర ఏళ్లలో నేను ఆ ప్రశ్న అడగలేదు.

అందుకే ఇప్పుడు కనిపెట్టుకుంటున్నానన్న మాట వినగానే రెండవ ప్రశ్న వేస్తాను: "అవునని జవాబు వస్తే ఏం చేస్తారు, కాదని వస్తే ఏం చేస్తారు?" నిజంగా కనిపెట్టుకునేవారు రెండింటికీ ఏదో ఒకటి చెప్పగలరు, తడబడుతూనైనా. మూట కట్టుకున్నవారికి ఒక వైపు గురించే మాటలు వస్తాయి, రెండవ వైపు అడిగితే విసుగు వస్తుంది.

సరిచేయడం

ఆ వస్తువు పేరు బయటపడిన తరువాత దాన్ని వేదిక మీద సాక్ష్యంగా చెప్పించకండి. సగం బాధలు అక్కడే మొదలవుతాయి. ఈ అడుగు వల్ల మొదట నష్టపోయేది ఎవరో వారికి ముందు చెప్పాలి. ఆ యువకుడు ఇంటికి వెళ్లి చెల్లెలితో చెప్పినప్పుడు, "నా పెళ్లి అడ్డం పెట్టుకుని నువ్వు దాక్కోకు అన్నయ్యా" అన్నదట. తండ్రి మాత్రం నెల రోజులు మాట్లాడలేదు. ఒక సంబంధం నిజంగానే తప్పిపోయింది.

ఏమీ పోదు, అంతా ప్రభువే చూసుకుంటాడని ఎవరికీ హామీ ఇవ్వవద్దని నేను గట్టిగా చెప్పడం అందుకే. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని యేసే చెప్పాడు. దానియేలు గ్రంథంలో అగ్నిగుండం ముందు నిలబడిన ముగ్గురు యువకులు దేవుడు రక్షించగలడన్నారు, రక్షించకపోయినా సరే రాజు నిలబెట్టిన విగ్రహానికి మొక్కబోమన్నారు. ఆ రెండవ మాట లేకుండా మొదటి మాటనే నేర్పిన సంఘాల్లో విశ్వాసులు మొదటి నష్టానికే కూలిపోవడం చూశాను. కులధ్రువపత్రం మీద ఉద్యోగం ఆధారపడినవారి విషయంలో ఈ లెక్క మరింత బరువైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా వర్తించదు, క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రెండు రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి కిందికి వస్తారు. అలాంటివారికి కావలసింది ముందు న్యాయవాది సలహా, ఆ తరువాత తొందరపెట్టని తోడు.

లెక్క తేలాక అడుగుకు తేదీ పెట్టాలి. అది చిన్నదైనా, చాటుగా వేసినదైనా ఫరవాలేదు. గిద్యోను తన తండ్రి కట్టిన బయలు బలిపీఠాన్ని ఇంటివారికీ ఊరివారికీ భయపడి రాత్రిపూట పడగొట్టాడు. ఆ విధేయతను దేవుడు తోసిపుచ్చలేదు.

అరుదైనవి

దురాత్మల పీడన, పితరుల శాపం అన్న మాటలను చివరిదాకా దాచిపెట్టండి. నా అనుభవంలో వాటితో మొదలుపెట్టినవారు మొదటి ప్రశ్న దగ్గరకు ఎప్పుడూ రారు. నిద్ర పట్టక, గుండె దడతో, ఏ కారణమూ లేకుండా వారాల తరబడి భయపడుతున్నవారిని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి, అది సమర్పణలో లోపం కాదు. కొడతామని బెదిరింపులు వస్తున్న ఇంట్లో ఉన్నవారు చోటు మారడం పిరికితనం కాదు. చంపాలని చూస్తున్నవారినుంచి తప్పించడానికి దమస్కులో పౌలును గోడ మీదనుంచి గంపలో దించింది శిష్యులే.

సరిచేసిన కొన్నేళ్లకు అదే భయం తిరిగి వచ్చిందని కొందరు సిగ్గుతో వస్తారు. పెంతెకొస్తు దినాన వేలమంది ముందు మాట్లాడిన పేతురే తరువాత అంతియొకయలో సున్నతి పొందినవారికి, అంటే యూదులకు, భయపడి యూదులు కాని విశ్వాసులతో భోజనం మానుకున్నాడు, పౌలు అతన్ని ముఖాముఖిగా నిలదీయవలసి వచ్చింది. తిరిగి వచ్చినవారిని నేను మళ్లీ అదే మొదటి ప్రశ్న అడుగుతాను. ఈసారి పోయే వస్తువు వేరే ఉంటుంది.