అబ్బాయి స్కేటింగ్ డ్రెస్సు: కొలత నుంచి రాయి దాకా

అబ్బాయి చేతులు దించుకుని నిటారుగా నిలబడితే దర్జీ కొలతలు తీస్తాడు. డ్రెస్సు చెడేది అక్కడే. స్కేటింగ్‌లో ఆ భంగిమ ఆరంభంలో ఒక్క క్షణం ఉంటుంది. ఆ తర్వాత చేతులు తలపైకి పోతాయి, మోకాళ్ళు మడుచుకుంటాయి, నడుం తిరుగుతుంది. బరంపురంలో కుట్టించినా, పర్లాకిమిడిలో కుట్టించినా టేపు పట్టేముందు దర్జీకి ఈ సంగతి చెప్పండి. మన ఊళ్ళలో ఐస్ లేదు, సిమెంటు నేల మీద చక్రాలతో చేసే ఆర్టిస్టిక్ స్కేటింగే. అయినా కుట్టు లెక్క రెండింటికీ ఒక్కటే.

ఛాతీ, నడుం, తుంటి కొలతలు ఎలాగూ తీస్తారు. వాటితోపాటు ఇంకో మూడు కావాలి. మొదటిది, భుజం మీద నుంచి ముందువైపు దిగి, కాళ్ళ మధ్యగా వెనక్కి వెళ్ళి, మళ్ళీ అదే భుజం దాకా వచ్చే చుట్టుకొలత. రెండోది, చేతులు పైకెత్తించి చంక నుంచి నడుం దాకా. మూడోది, గొంతుక్కూర్చోబెట్టి వెనక నడుం నుంచి సీటు కింద దాకా. ఈ మూడోది నిలబడి తీసిన కొలత కంటే ఎంత పెరిగిందో చూసి, ప్యాంటు వెనకభాగం ఎత్తు కనీసం 3 సెంటీమీటర్లు పెంచాలి. ప్యాంటు పొడవు మాత్రం స్కేట్లు తొడిగించే తీయాలి.

గుడ్డ నాలుగు వైపులా సాగాలి. దుకాణాల్లో లైక్రా అంటారు. 80 శాతం నైలాన్, 20 శాతం స్పాండెక్స్ ఉన్నది బాగుంటుంది. కొనేముందు స్కేలు పక్కన పెట్టి 10 సెంటీమీటర్ల గుడ్డను 15 దాకా లాగి వదలండి. మళ్ళీ పదికే రావాలి. పదిన్నర దగ్గర ఆగిపోతే వద్దు, నాలుగు ఉతుకులకు మోకాళ్ళ దగ్గర సంచుల్లా వేలాడుతుంది. 140 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లాడికి మీటరున్నర పన్నా గుడ్డ రెండుంపావు మీటర్లు చాలు. ప్యాంటుకు మెరుపు లేని నలుపో, ముదురు నీలమో తీసుకోండి. లేత బూడిద రంగు మన గంజాం ఉక్కపోతకు పనికిరాదు. వీపు మీద, చంకల్లో చెమట మరకలు దూరానికి కూడా తెలుస్తాయి.

సాగే గుడ్డను ఒంటి కొలతకే కత్తిరిస్తే వదులైపోతుంది. ఛాతీ 70 ఉంటే గుడ్డ 65కి కత్తిరించాలి. నిలువు కొలత మాత్రం తగ్గించవద్దు. చొక్కాను విడిగా వదిలేస్తే మొదటి గెంతుకే ప్యాంటులోంచి బయటికొస్తుంది. దాని అడుగున లోదుస్తు ఆకారంలో ముక్క కలిపి, కాళ్ళ మధ్య టిచ్ బటన్లు పెట్టించండి, పైన ప్యాంటు వస్తుంది. చంక కింద, పక్కకు 9 సెంటీమీటర్లుండే నాలుగు పలకల ముక్క వేయించండి. రెండు చేతులూ ఎత్తినప్పుడు నడుం దగ్గర గుడ్డ వేలెడు కంటే ఎక్కువ కదిలితే ఆ ముక్క చిన్నదైనట్టే.

సూది మొన గుండ్రంగా ఉండే రకం, 75 నంబరు. మామూలు సూది లైక్రాలో కుట్లు తప్పిస్తుంది, దర్జీ మిషను పాడైందనుకుంటాడు. దారం పాలిస్టర్. కుట్టు సన్నటి జిగ్‌జాగ్ గానీ ఓవర్‌లాక్ గానీ వేయాలి. తిన్నటి కుట్టు గుడ్డతోపాటు సాగదు కాబట్టి, కూర్చుని తిరిగే స్పిన్‌లో సీటు దగ్గర తెగుతుంది.

ఇక చాలా ఇళ్ళలో వచ్చే మాట: మగపిల్లాడికి ఈ మెరుపులేంటి, మామూలు ప్యాంటూ చొక్కా వేస్తే పోదా? అలా కుట్టించిన సూటింగు ప్యాంటు మోకాలు వంచనివ్వదు. నిజానికి ఐస్ మీద చేసే ఫిగర్ స్కేటింగ్ మొదలైందే మగవాళ్ళ పోటీగా. 1896లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరిగిన తొలి ప్రపంచ పోటీలో అందరూ మగవాళ్ళే. 1902లో మ్యాడ్జ్ సయ్యర్స్ అనే ఆవిడ పేరిస్తే, ఆడవాళ్ళు రాకూడదని నియమాల్లో ఎక్కడా లేకపోవడంతో రానిచ్చారు, ఆమె రెండో స్థానం తెచ్చుకుంది. 1984లో అమెరికా స్కేటర్ స్కాట్ హామిల్టన్ ఇది ఆటేనని చూపించాలని తళుకుల్లేని సాదా డ్రెస్సుతో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. 2018లో జపాను స్కేటర్ యుజురు హన్యూ తమ దేశపు పాతకాలపు ఆస్థాన దుస్తుల తరహాలో కుట్టించుకుని గెలిచాడు. సంగీతం సాదాతనం అడిగితే సాదాగానే కుట్టించండి. సిగ్గుపడి మాత్రం సాదా ఎంచుకోవద్దు. బరంపురం బుఢీ ఠాకురాణీ జాతరలో ఒళ్ళంతా రంగు పూసుకుని పులి వేషం కట్టేది మన మగవాళ్ళే కదా! పిల్లాణ్ణి కూడా అడగండి, వేసుకునేది వాడు.

మన బరంపురం పట్టులో చీరతోపాటు మగవాళ్ళ జోడా (పంచె, ఉత్తరీయం) కూడా ఉంది. దాని అంచులో గుడి శిఖరాల్లాంటి కుంభాల వరస నల్లటి డ్రెస్సు మీద ఎంతో హుందాగా ఉంటుంది. కానీ పట్టు సాగదు. ఛాతీ చుట్టూ, నడుం చుట్టూ కుడితే ఊపిరి కూడా బిగిసిపోతుంది. కాలరుకు వాడుకోవచ్చు. మిగతా చోట్ల ఎర్ర లైక్రాతో 3 సెంటీమీటర్ల త్రికోణాలు కత్తిరించి, అంచుల వెంట జిగ్‌జాగ్ వేసి అతికించడమే మేలు. తాతగారి జోడా మీద కత్తెర పెట్టకండి.

మెరిసే రాళ్ళు 4 మిల్లీమీటర్లవి, రెండు గ్రోసులు, అంటే 288 సరిపోతాయి. భుజాల మీద దగ్గరగా పెట్టి, కిందికి వచ్చేకొద్దీ పలచన చేయండి. గాల్లో తిరిగేటప్పుడు చేతులు ఛాతీకి హత్తుకుంటాయి కాబట్టి అక్కడ, చంకల్లో, ముంజేతుల లోపలివైపు వద్దు, గీసుకుపోతుంది. గుడ్డను అట్ట మీద ఒంటి మీద సాగినంత సాగదీసి పిన్నులు పెట్టాకే అంటించాలి. వదులు గుడ్డ మీద అంటిస్తే వేసుకోగానే రాళ్ళు రాలతాయి. చిటికెలో అంటుకునే జిగురు గట్టిపడి పగులుతుంది. ఆరాక సాగే రకం తీసుకుని మూడు రోజులు కదపకుండా వదలండి. ఐస్ మీద పోటీల్లో డ్రెస్సు ముక్క గానీ అలంకారం గానీ కింద పడితే ఒక పాయింటు పోతుంది. సిమెంటు మీద పాయింటు సంగతి పక్కన పెట్టండి, రాలిన రాయి వెనకొచ్చే పిల్లాడి చక్రం కింద పడితే మనిషే పడిపోతాడు.

ప్యాంటు అంచు బూటు మడమను కప్పాలి, చక్రాలను తాకకూడదు. 2 సెంటీమీటర్ల ఎలాస్టిక్ పట్టీని బూటు అడుగున, ముందు వెనక చక్రాల మధ్యగా పోనిచ్చి రెండు పక్కలా కుట్టండి. బూటు అడుగుకు రాసుకుని త్వరగా అరుగుతుంది, నెలనెలా చూసుకుని మార్చాలి.

పోటీకి వారం ముందే ఈ డ్రెస్సుతో పూర్తి ప్రోగ్రాం మూడుసార్లు చేయించండి. తర్వాత తిరగేసి చన్నీళ్ళలో చేత్తో ఉతికి నీడన ఆరేయండి, ఇస్త్రీ వద్దు. పోటీ రోజు సంచిలో సూదీ నల్లదారం, ఇరవై రాళ్ళు, మూరెడు ఎలాస్టిక్ వేసుకోండి. రాయి ఊడితే అప్పటికప్పుడు అంటించకండి, జిగురు ఆరదు. రంధ్రాలున్న రాళ్ళు తెచ్చుకుంటే దారంతో కుట్టేయవచ్చు.