అమెరికా వెనక్కి పంపేసిందా? మళ్లీ వీసాకు ముందు ఇవి చూడండి

తిరుపతిలోనో చిత్తూరులోనో కన్సల్టెన్సీకి డబ్బు కట్టేముందు, ఎయిర్‌పోర్టులో ఇచ్చిన కాగితాలు బయటికి తీయండి.

వాటిలో ఐ-275 అనే ఫారం ఉంటే మీరే ప్రవేశం కోరడం మానుకున్నట్టు. అది రిమూవల్ (ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి పంపేయడం) కాదు, మళ్లీ వెళ్లకుండా ఏళ్ల నిషేధం పడదు. ఐ-860 అయితే రిమూవల్ ఆర్డరే. దాంతో వచ్చే ఐ-296లో నిషేధం ఎంతకాలమని ఏ గడిలో టిక్కు పెట్టారో చూడండి: 5, 10, 20 ఏళ్లు, లేదా శాశ్వతం. గడువు ఆర్డరు తేదీ నుంచి కాదు, దేశం వదిలిన రోజు నుంచి లెక్క. బోర్డింగ్ పాస్ పారేయకండి.

గడువు లోపలే వెళ్లాలా? ఇమిగ్రెంట్ వీసాకైతే (అక్కడే స్థిరపడేందుకు ఇచ్చేది) ఐ-212 దరఖాస్తుతో అనుమతి అడగాలి. స్టూడెంట్, విజిటర్ వీసాలకు ఇంటర్వ్యూలో కాన్సులర్ అధికారిని వేవర్‌కు (నిషేధం నుంచి మినహాయింపు) సిఫారసు చేయమని కోరవచ్చు.

“నాది పాత కేసు, కొత్త రూలు వర్తించదు” అన్న ధీమా ప్రమాదం. రిమూవల్ తర్వాత దొంగదారిన మళ్లీ వెళితే పాత ఆర్డరునే తిరగదోడే నిబంధన 1997 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందే అలా వెళ్లి అక్కడే ఉండిపోయినవాళ్లకూ అది వర్తిస్తుందని 2006లో అక్కడి సుప్రీంకోర్టు ఫెర్నాండెజ్-వార్గాస్ కేసులో తేల్చింది.

స్టూడెంట్, విజిటర్ లాంటి వీసాల ఆన్‌లైన్ దరఖాస్తు డీఎస్-160లో, మీకు ప్రవేశం నిరాకరించారా, ప్రవేశం కోరిన దరఖాస్తును మీరే వెనక్కి తీసుకున్నారా అని అడుగుతారు. ఐ-275 ఉన్నా “అవును” అనే రాయాలి. “లేదు అని పెట్టెయ్ బాబూ” అనే ఏజెంటు మాట వినకండి. అబద్ధమని తేలితే పడే నిషేధానికి గడువే లేదు.