ఫుకెట్ మారథాన్‌కి హైదరాబాద్ నుంచి: ఎండకు అలవాటైన ఒంటిని ఉక్కకు సిద్ధం చేయడం

ఏప్రిల్, మే నెలల్లో నెక్లెస్ రోడ్డు మీద పరిగెత్తినవాళ్లకు ఒక ధీమా ఉంటుంది. 42 డిగ్రీల ఊళ్లో ట్రైనింగ్ చేశాం, 27 డిగ్రీల దీవి ఏపాటి అని. జూన్‌లో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవిలో జరిగే లగూనా ఫుకెట్ మారథాన్‌కి పేరిచ్చిన మనవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఈ లెక్క దగ్గరే. మన ఎండ పొడి ఎండ. చెమట పట్టగానే ఆరిపోతుంది, ఆరుతూ ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది. ఫుకెట్ గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కాబట్టి అక్కడ చెమట ఆరదు, కారుతుంది. కారిపోయిన చెమటతో ఒళ్లు చల్లబడదు. నీళ్లూ ఉప్పూ మాత్రం పోతాయి. మే నెలలో మచిలీపట్నంలోనో కాకినాడలోనో పెళ్లికి వెళ్లి, ఫ్యాన్ కింద కూర్చున్నా చొక్కా ఒంటికి అతుక్కుపోయినవాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకే వెదర్ యాప్‌లో టెంపరేచర్ ఒక్కటే చూసి ఊరుకోకండి, డ్యూ పాయింట్ చూడండి. గాలిలో తేమ ఎంతుందో డిగ్రీల్లో చెప్పే లెక్క అది. 15 లోపు ఉంటే పరుగు హాయిగా సాగుతుంది. 20 దాటితే పరుగు వేగం, అంటే పేస్, పడిపోవడం మొదలవుతుంది. జూన్‌లో ఫుకెట్‌లో తెల్లవారుజామున కూడా 24, 25 దగ్గర ఉంటుంది.

పేస్ ముందే తగ్గించుకోండి

చల్లని ఉదయం హైదరాబాద్‌లో మీరు 4 గంటల 30 నిమిషాల్లో ఫుల్ మారథాన్ (42.2 కిలోమీటర్లు) పూర్తి చేస్తారనుకుందాం. అంటే కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకన్లు. ఫుకెట్ ఉక్కలో కనీసం 6 శాతం కలపాలి. పేస్ 6:47 అవుతుంది, ఫినిష్ 4 గంటల 46 నిమిషాలు. ఉక్కకు పెద్దగా అలవాటు లేకపోతే 10 శాతం కలుపుకోండి. అప్పుడు పేస్ 7:02, ఫినిష్ 4 గంటల 57 నిమిషాలు. ఈ తగ్గింపు మొదటి కిలోమీటరు నుంచే ఉండాలి. 'మొదట బాగానే ఉంది కదా, అలసినప్పుడు చూసుకుందాం' అంటే కుదరదు. ఒంట్లో చేరిన వేడి బయటికి పోయే దారి లేదు కాబట్టి, తొలి 10 కిలోమీటర్లలో చేసిన తొందరకు 30వ కిలోమీటరు దగ్గర నడక తప్పదు. వాచీలో పేస్‌తో పాటు హార్ట్ రేట్ కూడా పెట్టుకుని, రెండూ తగువు పడితే హార్ట్ రేట్ మాటే వినండి. కటాఫ్ సమయం (రేసు ముగించాల్సిన గడువు) కూడా ఈ కొత్త లెక్కతోనే చూసుకోవాలి.

ఉక్కను ఒంటికి అలవాటు చేయడం

ఒళ్లు వేడికి అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి నాలుగైదు రోజుల్లో రక్తంలోని ద్రవ భాగం, ప్లాస్మా, పెరుగుతుంది, దాంతో అదే పేస్‌కి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. ఆ తర్వాత చెమట తొందరగా, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు శాతం తగ్గుతుంది. మానేస్తే రెండు మూడు వారాల్లో ఈ లాభం చాలావరకు పోతుంది. కాబట్టి ఏప్రిల్‌లో పడ్డ కష్టం జూన్‌కి మిగలదు. రేసుకు ముందు రెండు వారాలు దీనికే కేటాయించండి.

పద్ధతి కష్టమేం కాదు. వారానికి ఐదారు రోజులు సాయంత్రం 5:30, 6 గంటల మధ్య మొదలుపెట్టి 60 నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తండి. మాట్లాడగలిగేంత తేలికగా ఉండాలి. సాయంత్రం కూడా వేడి 40 డిగ్రీల కిందికి దిగని రోజు బయటికి వెళ్లొద్దు. లాంగ్ రన్ (దూరపు పరుగు) మాత్రం ఎప్పటిలాగే తెల్లవారుజామున 4:30కే ఉంచండి, రెండూ కలిపితే ఒళ్లు కోలుకోదు. మన సాయంత్రాల్లో వేడి ఉంటుంది గానీ తేమ ఉండదు. ఆ లోటు తీర్చడానికి తేలిక పరుగుల్లో టీషర్టు మీద పల్చటి విండ్‌చీటర్ వేసుకోండి. చెమట ఆవిరి లోపలే ఉండిపోయి, ఒంటి చుట్టూ దీవి గాలి తయారవుతుంది. జూన్ మొదటి పక్షంలో తొలకరి పడ్డాక వచ్చే జిడ్డు సాయంత్రాలను మాత్రం అస్సలు వదులుకోకండి, అంతకంటే మంచి రిహార్సల్ దొరకదు. చలికాలంలో వేరే దీవి రేసుకు వెళ్లేవాళ్లకు ఈ సదుపాయం ఉండదు. వాళ్లు పరుగు అయిన వెంటనే 40 డిగ్రీల వేడినీళ్ల టబ్బులో మెడదాకా కూర్చోవచ్చు. 15 నిమిషాలతో మొదలుపెట్టి 40 దాకా వెళ్లవచ్చు. లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి, ఇంట్లో ఎవరో ఒకరు పక్కన ఉండాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా దీని జోలికి వెళ్లొద్దు.

కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న ఎత్తుపల్లాలు కాళ్లకు మంచివే. కానీ ఈ రెండు వారాలూ నెక్లెస్ రోడ్డు లాంటి చదునైన చోటే మేలు. అక్కడైతే వేడి ప్రభావం ఎంతో గుండె వేగంలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఎంత తాగాలో కొలిచి తెలుసుకోండి

జిడ్డుగా ఉన్న సాయంత్రం ఒకటి చూసుకుని, పరుగుకు ముందు బట్టల్లేకుండా బరువు చూసుకోండి. గంటసేపు రేసు పేస్‌లో పరిగెత్తి, తువ్వాలుతో ఒళ్లు పూర్తిగా తుడుచుకుని మళ్లీ చూడండి. ముందు 68.0 కిలోలు, తర్వాత 67.1, మధ్యలో తాగింది 400 మిల్లీలీటర్లు అయితే, గంటకు పోయిన చెమట 1.3 లీటర్లు. దాన్నంతా తిరిగి నింపాలని చూడకండి, పరుగులో పొట్ట అంత పట్టదు. ఈ లెక్కకు గంటకు 600 నుంచి 800 మిల్లీలీటర్లు సరిపోతాయి. పోయిన దానికంటే ఎక్కువ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది, అది ప్రాణాల మీదికి వస్తుంది. ఉంగరం బిగుసుకోవడం, వాచీ పట్టీ చర్మంలోకి దిగడం, తలనొప్పి, వికారం దాని గుర్తులు. అవి కనిపిస్తే తాగడం ఆపి మెడికల్ టెంట్‌కి వెళ్లండి.

ఉప్పుకి మెడికల్ షాపులో దొరికే ఓఆర్ఎస్ పొడి చాలు. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ప్యాకెట్ 20.5 గ్రాములు, దాన్ని సరిగ్గా ఒక లీటరు నీళ్లలో కలపాలి. చాలామంది అరలీటరు బాటిల్లో మొత్తం ప్యాకెట్ చించి పోస్తారు. అంత చిక్కగా తాగితే పేగులు ఒంట్లో నీళ్లనే లాక్కుంటాయి, 25వ కిలోమీటరు దగ్గర విరేచనాలు పట్టుకుంటాయి. లీటరు బాటిల్లో కలిపి, రెండు అరలీటరు ఫ్లాస్కుల్లోకి ఒంపుకోండి. 'ఓఆర్ఎస్' అని రాసి ఉన్న తియ్యటి టెట్రా ప్యాకులను నమ్మొద్దు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాకే, 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

జెల్స్ (పరుగులో శక్తి కోసం మింగే తియ్యటి గుజ్జు ప్యాకెట్లు) మామూలుగా తీసుకునేవే తీసుకోండి. ఒక్కోదానిలో 22 నుంచి 25 గ్రాముల కార్బ్స్ ఉంటే 35, 40 నిమిషాలకొకటి. వేడిలో రక్తం చర్మం వైపు పోతుంది, పొట్టకు తక్కువ అందుతుంది. అందుకే జెల్ తిన్నాక ఓఆర్ఎస్ కాకుండా ఉత్త నీళ్లే తాగాలి, లేకపోతే కడుపులో తీపి పేరుకుని తిప్పుతుంది.

బ్యాగు, కాగితాలు

పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. భారతీయులకు థాయ్ వీసా నిబంధనలు ఈమధ్య కొన్నిసార్లు మారాయి, టికెట్ కొనేముందు ఎంబసీ సైట్ చూసుకోండి. 2025 మే 1 నుంచి టీడీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. చేరడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే సైటు అసలుది కాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో మారథాన్ లాంటి పోటీలకు కవర్ ఉందో లేదో పాలసీ కాగితంలో చదివి చూడండి.

రేసు షూస్, సాక్స్, షార్ట్స్, వాచీ క్యాబిన్ బ్యాగులోనే ఉండాలి. చెకిన్ బ్యాగు తప్పిపోతే టీషర్టు ఎక్కడైనా కొనుక్కోవచ్చు, అరిగి అలవాటైన షూస్ కొనలేరు. జెల్స్‌ని సెక్యూరిటీలో ద్రవాలుగానే లెక్కిస్తారు, వాటిని చెకిన్‌లో వేయండి. ఓఆర్ఎస్ పొడిని కంపెనీ ప్యాకెట్లలోనే ఉంచండి. జిప్‌లాక్‌లో తెల్లపొడి పట్టుకెళ్తే ఎయిర్‌పోర్టులో లేనిపోని ప్రశ్నలు. పవర్ బ్యాంక్ మాత్రం క్యాబిన్‌లోనే పెట్టాలి.

చర్మం ఒరుసుకోకుండా రాసుకునే కొబ్బరినూనె ఆ ఉక్కలో గంటలో కొట్టుకుపోతుంది. తొడలకు, చంకలకు, కాలివేళ్ల మధ్య వ్యాజిలీన్ దట్టంగా పట్టించండి. మగవాళ్లు చనుమొనలకు టేపు వేసుకోండి. కాటన్ సాక్స్ వద్దే వద్దు. ఉక్కలో చెమట కాలి వెంట కారి షూలో చేరుతుంది, అడుగేస్తే పచక్ పచక్ మంటుంది, నానిన మడమ మీద బొబ్బ లేస్తుంది.

హైదరాబాద్ అర్ధరాత్రి అలారం

థాయ్‌లాండ్ గడియారం మనకంటే గంటన్నర ముందు. అక్కడ ఫుల్ మారథాన్ చీకట్లోనే మొదలవుతుంది. స్టార్ట్ 4 గంటలకు అనుకుంటే, తిండికీ బాత్రూమ్‌కీ 1:30కి లేవాలి. అది మన ఇంట్లో రాత్రి 12. ఆ ముందు సాయంత్రం 6:30కి పడుకోవాలి, అంటే మన 5 గంటలకు. ఒక్కరోజులో ఒళ్లు ఇది ఒప్పుకోదు. ఇంట్లోనే పది రోజుల ముందు నుంచి రోజుకు 15 నిమిషాల చొప్పున తొందరగా పడుకుని తొందరగా లేవండి. రేసు ఆదివారం కాబట్టి గురువారానికల్లా అక్కడ ఉండి, శుక్రవారం రాత్రి కడుపునిండా నిద్రపోతే శనివారం నిద్ర పట్టకపోయినా పరుగు దెబ్బతినదు. హోటల్లో ఏసీ 18లో పెట్టుకుని రోజంతా గదిలోనే ఉండొద్దు. 26లో పెట్టి, రోజూ అరగంటైనా బయట నడవండి.

బస స్టార్ట్ లైన్‌కి నడిచి వెళ్లేంత దగ్గరలో తీసుకోండి. బీచ్ బాగుందని దూరంగా పటాంగ్‌లో దిగితే రాత్రి 2 గంటలకు ట్యాక్సీ కోసం తిప్పలు పడాలి. బిబ్ (చొక్కాకు పెట్టుకునే రేసు నంబర్) తీసుకోవడానికి పాస్‌పోర్ట్ పట్టుకెళ్లండి.

తిండికి తెల్లన్నం, గుడ్డు, అరటిపండు ప్రతి సెవెన్ ఎలెవెన్ దుకాణంలో దొరుకుతాయి. థాయ్ కూరల్లో కూరగాయలే కనిపించినా ఫిష్ సాస్ పడుతుంది. శాకాహారులు 'జే' అని అడిగితే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ లేని భోజనం పెడతారు. శనివారం కొత్త వంటకాలు రుచి చూడకండి. వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా ప్యాకెట్లు నాలుగు పెట్టుకెళ్తే రాత్రి 2 గంటల టిఫిన్‌కి దిగులుండదు.

పరుగులో

జూన్‌లో అక్కడ 6 దాటగానే తెల్లవారుతుంది. అప్పటికి మీరు సగం దూరం కూడా దాటి ఉండరు, మిగతాదంతా వెలుతురులోనే. ఎండ వస్తే ఉక్క రెట్టింపవుతుంది, వర్షం వస్తే అదృష్టం. నీళ్ల స్టాళ్ల దగ్గర ఐస్ దొరికితే టోపీలో వేసుకోండి. నీళ్లు ఆరితేనే చల్లదనం, ఆ గాలిలో ఆరవు. ఐస్ అయితే తగిలిన చోటే వేడిని లాగేస్తుంది. తలమీద నీళ్లు పోసుకునేటప్పుడు నడుము వంచి ముందుకు పోసుకోండి, షూస్ తడవవు. నొప్పి ఉన్నా డైక్లోఫెనాక్, బ్రూఫెన్ వేసుకోవద్దు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు అవి కిడ్నీల మీద పడతాయి.

పక్కన పరిగెత్తేవాళ్లు తూలుతున్నా, మాట తడబడినా, ఎక్కడున్నారో చెప్పలేకపోయినా అది వడదెబ్బే అనుకోండి. పడుకోబెట్టి, దొరికిన నీళ్లు, ఐస్ ఒళ్లంతా పోస్తూ మెడికల్ వాళ్లను పిలవండి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లార్చడం ఆపకూడదు. థాయ్‌లాండ్‌లో అంబులెన్స్ నంబర్ 1669, టూరిస్ట్ పోలీస్ 1155. రేసుకు ముందు పది రోజుల్లో జ్వరం, విరేచనాలు వచ్చి ఉంటే ఆ ఉక్కలో 42 కిలోమీటర్లు వద్దు, నిర్వాహకులు ఒప్పుకుంటే చిన్న దూరానికి మార్చుకోండి.

ఫినిష్ అయ్యాక సముద్రంలో కాళ్లు చల్లార్చుకోవాలని అందరికీ ఉంటుంది. జూన్ అక్కడ నైరుతి రుతుపవనాల కాలం, పడమటి తీరంలో అలల కింద లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. ఎర్రజెండా ఉంటే మోకాలి లోతుకి కూడా దిగొద్దు, అలసిన కాళ్లు ఎదురీదలేవు. హోటల్ పూల్ చాలు. తిరుగు విమానం సోమవారం సాయంత్రానికి పెట్టుకుని, సీటు నడవా పక్కన తీసుకోండి, గంటకోసారి లేచి నడవడానికి వీలుంటుంది.