"మా రాష్ట్రం నంబర్ వన్" అనే ఫార్వర్డ్ వస్తే ఏం చూడాలి

మా ఫ్యామిలీ గ్రూప్‌లో బడ్జెట్ సీజన్ వచ్చిందంటే గొడవే, హైదరాబాద్ బావ మేమే టాప్ అని ఒకటి పెడతాడు, గంట తిరక్కుండా విజయవాడ నుంచి మావయ్య కాదు మేమే అని ఇంకోటి. తమాషా ఏంటంటే చాలాసార్లు ఇద్దరి అంకెలూ కరెక్టే, దేన్ని దేంతో పోలుస్తున్నారో చూసుకోరంతే. అందుకే రాష్ట్రాల లెక్కలు ఎలా చదవాలో నాకు తెలిసినంత రాస్తున్నా.

ముందు ఆ అంకె మొత్తానిదా, తలసరిదా చూడండి. 2024-25 ముందస్తు అంచనాల్లో తెలంగాణ జీఎస్‌డీపీ, అంటే ఏడాదిలో రాష్ట్రంలో తయారైన సరుకులు, సేవల మొత్తం విలువ, సుమారు 16.12 లక్షల కోట్లు, ఆంధ్రాది 15.93, అంటే పక్కపక్కనే. తలసరి ఆదాయానికొచ్చేసరికి తెలంగాణ 3,79,751 రూపాయలు, ఆంధ్ర 2,66,240, లక్షకి పైగా తేడా, ఎందుకంటే ఆంధ్రాలో పంచుకునే జనం ఎక్కువ. దేశ సగటు 2,05,579. యూపీ మొత్తంలో చూస్తే పెద్ద రాష్ట్రాల వరసలోనే ఉంటుంది, 20 కోట్ల పైచిలుకు మందికి పంచితే దేశ సగటులో సగం దగ్గరికి పడిపోద్ది. ఇంకోటి, ఈ జనాభా కూడా 2011 సెన్సస్ మీద వేసుకున్న అంచనానే.

తర్వాత గ్రోత్ అంటే ఏ ధరల్లో అని అడగండి. ఆంధ్ర అదే ఏడాది 12.02 శాతం పెరిగిందన్నారు, స్థిర ధరల్లో, అంటే రేట్ల పెరుగుదల తీసేసి చూస్తే 8.21. రెండూ నిజమే, మొదటిదాంట్లో రేట్లు పెరిగిన వాటా కలిసుంది. పార్టీ వాళ్లు ఏది పెద్దదైతే అది వాడతారు, మనం స్థిర ధరలదే చూడాలి. ముందస్తు అంచనా అన్నారంటే అది మారుద్దని కూడా గుర్తుంచుకోండి, తమిళనాడుకి ముందు 9.69 అన్నారు, తర్వాత 11.19 చేశారు.

ఇప్పుడు అసలు సంగతి, నన్నడిగితే అందరూ తప్పు చేసేది ఇక్కడే. జీఎస్‌డీపీ లెక్కపెట్టేది ఆ రాష్ట్రం గడప లోపల ఏం తయారైందో, అక్కడి ఇంట్లోకి ఎంత వచ్చిందో కాదు. కేరళ వాళ్ల గల్ఫ్ డబ్బులు కేరళ జీఎస్‌డీపీలో ఉండవు, ఆ డబ్బుతో ఇల్లు కట్టుకుంటే ఆ కట్టుబడి మాత్రం లెక్కలోకొస్తుంది. మన కోకాపేటలో అపార్ట్‌మెంట్లు కట్టే బీహార్ కుర్రాడి పని విలువ తెలంగాణ ఖాతాలో పడుద్ది, వాడు ఇంటికి పంపిన డబ్బు మాత్రం బీహార్ పల్లెలో ఖర్చవుద్ది. సిక్కిం తలసరి ఆదాయం ఢిల్లీ కంటే ఎక్కువ అంటే ఆశ్చర్యపోతాం, అక్కడ జనం 2011లో 6.1 లక్షలే, పైగా జలవిద్యుత్, మందుల ఫ్యాక్టరీలు ఉన్నాయి, ఆ ఫ్యాక్టరీల లాభమంతా సిక్కిం ఇళ్లలోకే వస్తుందనుకుంటే పొరపాటే.

రాష్ట్రం లోపల కూడా ఇదే కథ. తలసరిలో రంగారెడ్డి జిల్లా తెలంగాణలోనే టాప్, వికారాబాద్ ఏమో కింది వరసలో, ఈ రెండూ 2016 దాకా ఒకటే జిల్లా! గచ్చిబౌలి ఆఫీసులు రంగారెడ్డిలో ఉన్నాయి కాబట్టి కూకట్‌పల్లి నుంచి రోజూ వచ్చిపోయే వాడి పని కూడా రంగారెడ్డి లెక్కే. అందుకే రాష్ట్ర సగటు చూసి ఆగొద్దు, జిల్లాల పట్టిక తెరవండి.

ఎవరు ఏ పనిలో ఉన్నారో కూడా చూడాలి. 2023-24లో దేశంలో పనిచేసేవాళ్లలో 46 శాతం దాకా వ్యవసాయంలోనే, దేశంలో తయారైన మొత్తం విలువలో దాని వాటా మాత్రం 18 శాతం దగ్గర. ఆంధ్రాలో అయితే మూడోవంతు వాటా సాగు, ఆక్వాదే, అందుకే రొయ్య రేటు పడితే భీమవరంలో చెరువు గట్టు మీదే కాదు, బట్టల షాపులో కూడా తెలిసిపోద్ది.

బీహార్ వాళ్లు పనిచేయరు అనే మాట మాత్రం దయచేసి ఫార్వర్డ్ చేయకండి. 1950ల నుంచి 1990ల మొదటి దాకా రవాణా ఖర్చు సమం చేసే పాలసీ నడిచింది, ఉక్కు లాంటివి దేశంలో ఎక్కడైనా ఒకే రేటుకి దొరికితే గనులున్న అప్పటి బీహార్‌లో ఫ్యాక్టరీ పెట్టాల్సిన అవసరం ఎవడికుంటుంది, రేవులున్న రాష్ట్రాలకే పోతాడు. దానికి తోడు 2000లో జార్ఖండ్ విడిపోయి జంషెడ్‌పూర్, బొకారో, ధన్‌బాద్ అన్నీ అటు పోయాయి, మిగిలింది గంగ మైదానం, వరదలు. విడిపోవడం అంటే ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదుగా.

ఇక పన్నుల వాటా గొడవ. కేంద్రం పన్నుల్లో ఏ రాష్ట్రానికి ఎంతో తేల్చేది ఆర్థిక సంఘం. 2021-26కి 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాలకిచ్చిన వాటాలో యూపీకి 17.939 శాతం, ఆంధ్రకి 4.047, తెలంగాణకి 2.102. ఆ ఫార్ములాలో వందకి 45 మార్కులు ఆదాయంలో ఎంత వెనకబడ్డారన్న దానికే ఉండేవి, కాబట్టి తలసరి టాప్ అని కాలరెగరేసిన చోటే వాటా తగ్గుద్ది, ఒకే ఫార్వర్డ్‌లో రెండూ కావాలంటే కుదరదు.

అంకెలకి ఆర్‌బీఐ ఏటా రాష్ట్రాల గణాంకాల హ్యాండ్‌బుక్ వేస్తుంది, ఫ్రీగా దొరుకుద్ది, అన్ని రాష్ట్రాలూ ఒకే పట్టికలో ఉంటాయి. జిల్లాలకైతే ఆ రాష్ట్ర సోషియో ఎకనమిక్ సర్వే, చివరి పేజీల నుంచి మొదలెట్టండి, ముందు పేజీలన్నీ ప్రభుత్వం డబ్బానే.